తుంటి గిన్నె కొలతలు: ఎక్స్‌రే సాక్ష్యమునకు విలువ యెంత?

న్యాయస్థానమున సాక్షి సత్యవాది యైనంత మాత్రమున న్యాయాధిపతి యతని ప్రతి మాటను యథాతథముగ స్వీకరింపడు. ఆ సాక్షి యెచ్చట నిలిచి చూచెనో, ఎంత దూరమునుండి చూచెనో, ఆ సమయమున వెలుతురు ఎట్లుండెనో ప్రశ్నించి తెలిసికొని, పిమ్మటనే యా సాక్ష్యమునకు విలువ కట్టును. వైద్యమున ఎక్స్‌రే చిత్రము అట్టి సాక్షియే. 1895వ సంవత్సరము నవంబరు నెలలో జర్మనీదేశపు వుర్జ్‌బర్గు నగరమున రాంట్‌జెన్ పండితుడు ఈ కిరణములను కనుగొనినది మొదలు దేహమున దాగియున్న యెముకలు కంటికి గోచరము లైనవి. ఆ చిత్రమునకు పక్షపాతము లేదు. అబద్ధమాడు స్వభావము లేదు. కాని యది తాను నిలిచిన చోటునుండియే చూచును. దాని మాటను మనకు తెలుపువాడు మనుష్యుడే. ఈ రెండు సంగతులను మరచి, చిత్రముపై వ్రాసిన యంకెను వేదవాక్యముగ భావించుటవలన కలుగు చిక్కులను గూర్చి నేడు మా పాఠకులకు కొంత విన్నవింప దలచితిమి.

మాకు తెలిసిన యొక కుటుంబమున నిరువది రెండేండ్ల యువతికి కొంతకాలముగ కుడి గజ్జయందు నొప్పి యుండెను. మెట్లు దిగునప్పుడును, చాలసేపు నిలిచినప్పుడును నొప్పి హెచ్చుచుండెను. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, తుంటి గిన్నె లోతు చాలదనియు, కోణము 19 డిగ్రీలనియు, శస్త్రచికిత్సకు సిద్ధపడవలసినదనియు చెప్పిరి. భయపడిన తండ్రి నెల తిరుగకముందే మరియొక ఆసుపత్రికి తీసికొనిపోయెను. అచ్చట మరల చిత్రము తీసి, కోణము 24 డిగ్రీలనియు, ఆందోళన మక్కరలేదనియు, వ్యాయామము చాలుననియు వ్రాసి యిచ్చిరి. ఆ పెద్దమనిషి రెండు కాగితములను చేతబట్టుకొని మా కార్యాలయమునకు వచ్చి యడిగిన ప్రశ్న యిది: "అయ్యా, బిడ్డ ఒక్కతే, ఎముక ఒక్కటే. కొలతలు రెండెట్లయినవి? ఈ యిద్దరిలో అబద్ధమాడిన వారెవరు?"

ఇద్దరిలో నెవ్వరును అబద్ధమాడలేదని మేము చెప్పితిమి. ఆయన నమ్మలేదు. నమ్మకపోవుటయు సహజమే. బజారులో గుడ్డను కొలిచినప్పుడు గజము గజమే కావలెను గాని, ఒక యంగడిలో నొకటియు వేరొక యంగడిలో వేరొకటియు గారాదు. ఎముకల కోణము గుడ్డవంటిది కాదని తెలుపుటకే యీ వ్యాసము.

కీలు స్వరూపము

తుంటికీలు బంతియు గిన్నెయు కలిసిన యమరిక. తొడయెముక పైకొన బంతివలె గుండ్రముగ నుండును. కటియెముక ప్రక్కనున్న గుంట గిన్నెవలె నా బంతిని పట్టుకొని యుండును. ఆ గిన్నె బంతిని తగినంత కప్పియుండవలెను. కప్పు తక్కువైనచో దేహభారమంతయు గిన్నె యంచున గల చిన్న భాగముపై పడును. నడచునపుడు తుంటిపై పడు భారము దేహపు బరువునకు అనేక రెట్లుండును గనుక, ఆ కొద్దిపాటి చోట మృదులాస్థి యేండ్ల తరబడి నలిగి, అరువది యేండ్లకు రావలసిన అరుగుదల ముప్పది, నలుబది యేండ్లకే వచ్చును. కప్పు మితిమీరినను చిక్కే. కాలు మడచినప్పుడు తొడయెముక మెడ గిన్నె యంచునకు తగిలి రాచుకొనును. కావున కప్పు ఎంత యున్నదను ప్రశ్న కేవలము పండితుల వినోదమునకు సంబంధించినది కాదు. ఒక యువతి ముందున్న నలుబదేండ్ల నడక దానిపై నాధారపడి యున్నది.

గిన్నె లోతు చాలకపోవుట పలువురియందు పుట్టుకతోనే మొదలగును. మగబిడ్డలకంటె ఆడబిడ్డలయందును, తొలిచూలు బిడ్డలయందును, గర్భమున కాళ్లు క్రిందుగ నుండి యెదురుకాళ్లతో పుట్టిన వారియందును ఇది హెచ్చు. పుట్టిన పిమ్మట బిడ్డను పట్టుకొను విధమును ఇందు పాలుగొనును. బిడ్డ కాళ్లను చాచి బిగియగ గుడ్డతో చుట్టు ఆచారము గల చోట్ల నీ లోపము హెచ్చుగ కనబడెను. జపానుదేశమున 1970 తరువాతి సంవత్సరములలో ఆ యాచారమును మాన్పుటకు ప్రచారము చేయగా రోగుల సంఖ్య మిక్కిలి తగ్గినది. మన తల్లులు బిడ్డను చంకనెత్తుకొని, రెండుకాళ్లను నడుమున కిరుప్రక్కల నుంచుకొను పద్ధతియందు బంతి గిన్నెలో చక్కగ నిమిడియుండును. పాతకాలపు అలవాట్లనెల్ల వెనుకబాటుతనమని త్రోసివేయువారు ఈ యొక్కదానిని మాత్రము మన్నింతురుగాక.

కొలతల పుట్టుక

కంటికి కనబడిన దానిని అంకెలలో చెప్పవలెనను కోరిక వైద్యులకు త్వరలోనే కలిగెను. 1925లో ప్రేగు నగరపు హిల్గెన్‌రైనర్ చిన్నబిడ్డల చిత్రములపై రెండు తుంటి గిన్నెల యడుగులను కలుపు నడ్డగీత గీసి, ఆ గీతకును గిన్నె పైకప్పునకును నడుమనున్న వాలును కొలుచు పద్ధతిని తెలిపెను. పుట్టినప్పుడు ఆ వాలు సుమారు 30 డిగ్రీలకు లోపుగ నుండి, బిడ్డ యెదిగినకొలది తగ్గుచు, రెండేండ్ల వయస్సునకు ఇరువదికి చేరువ యగును. పెద్దవారి విషయమున స్వీడనుదేశపు వీబెర్గ్ 1939లో ప్రకటించిన కొలత నేటికిని ప్రపంచమంతట వాడుకలో నున్నది. తొడయెముక బంతి కేంద్రమునుండి నిలువుగ నొక గీతయు, అదే కేంద్రమునుండి గిన్నె వెలుపలి యంచునకు మరియొక గీతయు గీసినచో, ఆ రెంటి నడుమ కోణమే వీబెర్గ్ కోణము. అది 25 డిగ్రీలకు మించిన గిన్నె బాగున్నదనియు, 20కి తగ్గిన లోపమున్నదనియు, నడుమనున్నది సందిగ్ధమనియు నాతని నిర్ణయము. అటుపిమ్మట జర్మనీలో డార్ట్‌మండు నగరపు టోన్నిస్ పండితుడు గిన్నె పైభాగమున బరువు మోయు భాగపు వాలును పెద్దవారియందు కొలుచుటను ప్రచారములోనికి తెచ్చెను. ఆ వాలు పది డిగ్రీలకు మించినచో గిన్నె వాలుగ నున్నదని యెంచుదురు.

ఈ కొలతలు తేలికయైనవి. పెన్సిలు, కొలబద్ద, కోణమాపకము చాలును. ఆ తేలికదనమే వానికి కీర్తి తెచ్చినది. ఆ తేలికదనమే వానియందు మితిమీరిన నమ్మకమును పుట్టించినది. వీబెర్గ్ పండితుడే 20కిని 25కిని నడుమ సందిగ్ధమని ప్రత్యేకముగ నొక పట్టీ విడిచెనను సంగతిని మనము గుర్తుంచుకొనవలెను. మా మిత్రుని కుమార్తెకు వచ్చిన అంకెలు 19, 24. ఒకటి యా పట్టీకి ఒక్క డిగ్రీ వెలుపల. రెండవది దానికి లోపల. కొలతలో మూడు నాలుగు డిగ్రీల పొరపాటున కవకాశమున్నచో ఈ రెండును నిజమునకు ఒక్క మాటయే కావచ్చును. అట్టి పొరపాటున కవకాశము నిజముగ గలదా? గలదు. ఎట్లని యడిగినచో ఒక్కొక్కటిగ చెప్పెదము.

పొరపాటు పుట్టు చోట్లు

మొదటిది రోగి పండుకొనిన తీరు. ఎక్స్‌రే చిత్రము నీడ. దీపము ముందర చేతిని త్రిప్పిన గోడపై నీడ మారునట్లు కటివలయము ముందునకు గాని వెనుకకు గాని వంగినచో గిన్నె యంచుల నీడలు మారును. ప్రక్కకు త్రిరిగినచో ఒక ప్రక్క గిన్నె లోతుగను, రెండవ ప్రక్క గిన్నె తక్కువ లోతుగను కనబడును. రోగి సరిగ నుండెనా లేదా యని తెలిసికొనుటకు చిత్రమునందే గుర్తులు గలవు. కటియెముక క్రింది భాగమున నిరుప్రక్కల గల రెండు రంధ్రములు సమానముగ కనబడవలెను. తోకయెముక కొన ముందరి జఘనాస్థుల సంధికి సరిగ ఎదురుగ నుండవలెను. వాని నడుమ దూరము ఒకటి మొదలు మూడు సెంటీమీటర్ల వరకు నుండుట సాధారణముగ నంగీకృతము. ఈ గుర్తులు తప్పిన చిత్రముపై కోణమును కొలుచుట వంకర యద్దమున ముఖము చూచుకొని బొట్టు పెట్టుకొనుటవంటిది.

వంగుటవలన అన్ని కొలతలును సమానముగ చెడవు. గిన్నె ముందరి యంచు, వెనుకటి యంచు ఒకదానినొకటి దాటుచున్నవా యను లక్షణము కటివలయపు వంపును బట్టి మిక్కిలి మారును. స్విట్జర్లాండులోని బెర్న్ నగరపు వైద్యులు 2003లో కటియెముకలను వేర్వేరు వంపులలో నుంచి చిత్రములు తీసి యీ సంగతిని స్పష్టపరచిరి. వీబెర్గ్ కోణము అంతగా మారదు. అయినను పండుకొని తీసిన చిత్రమును, నిలువబడి తీసిన చిత్రమును పోల్చరాదు. నిలుచున్నప్పుడు పలువురియందు కటివలయము కొంత వెనుకకు వాలును గనుక.

రెండవది యంత్రము నుంచిన తీరు. కిరణములు ఒక చిన్న బిందువునుండి బయలుదేరి విసనకర్రవలె విచ్చుకొని పోవును. ఆ బిందువు కటికి నడుమ నున్నదా, ఒక తుంటికి ఎదురుగ నున్నదా యనుదానిని బట్టి నీడల స్థానము మారును. అందుచేత 2008లో అమెరికా వైద్యులు కలిసి ప్రకటించిన పద్ధతిలో యంత్రమునకును పలకకును నడుమ దూరము 120 సెంటీమీటర్లుగ నుండవలెననియు, కిరణము కటి ముందరి యెముక మొనలను కలుపు గీతకును జఘనాస్థుల సంధికిని నడుమ పడవలెననియు, పాదములు 15 డిగ్రీలు లోపలికి త్రిప్పియుంచవలెననియు నియమించిరి. మన పట్టణములలో ప్రతిదినము తీయబడు తుంటి చిత్రములలో ఈ నియమములను పాటించినవి ఎన్ని యుండునో ఎక్స్‌రే గదిలో పనిచేయువారే చెప్పవలెను. రోగిని బల్లపై పండుకొనబెట్టి, కదలవద్దని చెప్పి మీట నొక్కుటతోనే పని తీరినదని తలచుట సర్వసాధారణము.

మూడవది నిలువుగీత. వీబెర్గ్ కోణమునకు నిలువుగీత దేనినిబట్టి గీయవలెను? కటివలయపు అడ్డగీతకు లంబముగ గీయుట సరియైన పద్ధతి. చిత్రపు అంచునకు సమాంతరముగ గీయుట తొందరపాటువారి పద్ధతి. రోగి బల్లపై రెండు డిగ్రీలు వంకరగ పండుకొనెననుకొందము. చిత్రపు అంచును నమ్మిన వైద్యునికి ఒక తుంటి కోణము రెండు డిగ్రీలు హెచ్చుగను, రెండవది రెండు డిగ్రీలు తక్కువగను వచ్చును. రెండు తుంటులును సమానమే యైనను నాలుగు డిగ్రీల భేదము కాగితముపై కనబడును. ఒక తుంటి చెడినదనియు రెండవది బాగున్నదనియు తీర్పు వచ్చును. ఎముకలు చేసిన తప్పేమియు లేదు. బల్లపై పడక చేసిన తప్పు.

నాలుగవది బిందువులను గుర్తించుట. బంతి కేంద్రము చిత్రముపై వ్రాసి యుండదు. దానిచుట్టు వృత్తము గీసి కేంద్రమును కనుగొనవలెను. బంతి సరిగ గుండ్రముగ లేనిచో ఏ వృత్తము సరిపడునను విషయమున కొలుచువాని తీర్పే ప్రమాణము. పెద్దవారియందు గిన్నె యంచు కేంద్రమునుండి సుమారు రెండున్నర, మూడు సెంటీమీటర్ల దూరమున నుండును. ఆ లెక్కన అంచును గుర్తించుటలో ఒక మిల్లీమీటరు ప్రక్కకు తప్పినచో కోణము దాదాపు రెండు డిగ్రీలు మారును. రెండు మిల్లీమీటర్లు తప్పిన నాలుగు డిగ్రీలు. మిల్లీమీటరనగా సన్నని పెన్సిలు గీత మందముకంటె నెక్కువేమియు కాదు! కేంద్రమున మిల్లీమీటరు, అంచున మిల్లీమీటరు, నిలువుగీతయందు రెండు డిగ్రీలు తప్పినవనుకొందము. అవి యొక్కొక్కప్పుడు ఒకదానినొకటి సవరించుకొనును. ఒక్కొక్కప్పుడు ఒకే దిక్కున చేరి యారు డిగ్రీలగును. ఏది జరిగినదో అంకెను చూచి యెవ్వరును చెప్పలేరు.

ఐదవది మిక్కిలి ముఖ్యమైనది. అంచనగా నేది? గిన్నె పైభాగమున బరువు మోయుచోట ఎముక గట్టిపడి చిత్రముపై తెల్లని వంపుగీతగ కనబడును. ఫ్రెంచివారు దానికి కనుబొమ్మయని ముద్దుపేరు పెట్టిరి. ఆ కనుబొమ్మ కొన యొకటి. దానికి వెలుపల ఎముక చిట్టచివరి యంచు మరియొకటి. కొందరియందు ఈ రెండును ఒక్కచోటనే యుండును. కొందరియందు చివరి యంచు కనుబొమ్మను దాటి ముందునకు పోయియుండును. కాని యా ముందునకు వచ్చిన భాగము బంతి ముందుగాని వెనుకగాని యుండి, పైనుండి బరువు మోయదు. 1990లో జపాను వైద్యులు ఈ భేదమును ఎత్తిచూపి, కనుబొమ్మ కొనవరకే కొలువవలెననిరి. ఒక వైద్యుడు కనుబొమ్మ కొనను, మరియొకడు చివరి యంచును ఎన్నుకొనినచో, ఇద్దరును నిష్కపటముగ, నిపుణముగ కొలిచినను, అంకెలలో అనేక డిగ్రీల భేదము వచ్చును. ఇద్దరును తమ కాగితములపై వ్రాయునది మాత్రము వీబెర్గ్ కోణమనియే. ఒకే పేరు గల రెండు కొలతలు చేయు నష్టము, పేరు లేని కొలత చేయు నష్టముకంటె హెచ్చు.

చిన్నబిడ్డల విషయము

బిడ్డలయందు ఈ చిక్కు ఇంకను పెద్దది. పుట్టిన నాలుగు, ఆరు నెలల వరకు బంతి మృదులాస్థియే, ఎక్స్‌రేకు కనబడదు. కనబడని బంతికి కేంద్రమెక్కడ? అందుచేతనే మొదటి నెలలలో శబ్దతరంగములతో చూచు పద్ధతి శ్రేయస్కరమని ఆస్ట్రియాదేశపు గ్రాఫ్ పండితుడు 1980లో తెలిపెను. నేడది యనేక దేశములలో వాడుకలో నున్నది. బంతియందు ఎముక ఏర్పడిన తరువాతను, కొన్నియేండ్ల వరకు ఆ యెముక కణిక బంతి నడుమ నుండునను నియమము లేదు. కావున ఐదేండ్లలోపు బిడ్డలకు వీబెర్గ్ కోణమును నమ్మరాదని పిల్లల ఎముకల వైద్యులు బోధింతురు. హిల్గెన్‌రైనర్ వాలు వారికి తగిన కొలత. అదియును ఒకే చిత్రముపై ఒకరు కొలిచినదానికిని మరియొకరు కొలిచినదానికిని నాలుగైదు డిగ్రీల భేదము రావచ్చును.

దీనివలన కలుగు ఫలము గమనింపదగినది. ఆరు నెలల క్రిందట 28, నేడు 26 అని కాగితము చూపి, బిడ్డ గిన్నె బాగుపడుచున్నదని సంతోషించు తల్లియు, 26 పోయి 28 వచ్చినదని కన్నీరు పెట్టుకొను తల్లియు ఒకే భ్రమలో నున్నారు. ఆ రెండు డిగ్రీలు ఎముకలో మారినవి కావచ్చును. కొలుచువాని చేతిలో మారినవియు కావచ్చును. ఐదారు డిగ్రీలు మారినప్పుడో, వరుసగ మూడు చిత్రములు ఒకే దిక్కు చూపినప్పుడో మాత్రమే మార్పు నిజమని ధైర్యముగ చెప్పనగును.

లెక్కల మాయ

కొలతలు నమ్మదగినవేనని సిద్ధాంతీకరించు పరిశోధనలు అనేకము గలవు గదా యని కొంద రనవచ్చును. గలవు. వానిలో రెండు కొలతల నడుమ పొందిక 0.9 యనియు, అంతకు మించియు వ్రాయుదురు. ఈ సంఖ్య యొకటికి చేరువగ నున్నచో గొప్ప నమ్మకమున కాధారమని చదువరులు తలతురు. కాని లండనులో బ్లాండు, ఆల్ట్‌మను అను గణితజ్ఞులు 1986లో లాన్సెట్ వైద్యపత్రికలో ఈ భ్రమను స్పష్టముగ నివారించిరి. ఒక వైద్యుడు ప్రతి తుంటిని రెండవ వైద్యునికంటె సరిగ నాలుగు డిగ్రీలు హెచ్చుగ కొలుచునని యనుకొందము. వారి యంకెలు జంటగ పెరుగును, జంటగ తగ్గును; అనుబంధము సంపూర్ణము. అయినను ఒకడు శస్త్రచికిత్స యన్నచోట రెండవవాడు వలదనును. కలిసి నడచుట వేరు, ఒకే చోట నిలుచుట వేరు.

మరియొక మాయ యున్నది. ధాన్యపు బస్తాలను తూచు కాటా యొక తులము అటు నిటు తప్పినను వర్తకునకు నష్టము లేదు. బస్తాలు పెద్దవి, వాని భేదములును పెద్దవి. అదే కాటాపై బంగారమును తూచినచో కొంప మునుగును. కాటా మారలేదు, తూచు వస్తువు మారినది. కోణము 5 మొదలు 45 వరకు గల తుంటులనన్నిటిని చేర్చి పరీక్షించినచో మూడు డిగ్రీల తప్పు కనబడనే కనబడదు. పొందిక సంఖ్య మిక్కిలి మెరుగుగ వచ్చును. కాని వైద్యునకు కష్టము కలుగు రోగులు ఐదు డిగ్రీలవారు కారు, నలుబది డిగ్రీలవారు కారు. పదునెనిమిది మొదలు ఇరువదియారు వరకు గలవారు. అచ్చట మూడు డిగ్రీలు బంగారమే. కావున పరిశోధకులు పొందిక సంఖ్యతో తృప్తిపడక, కొలతలో ఎన్ని డిగ్రీలవరకు తప్పు రావచ్చునో డిగ్రీలలోనే చెప్పవలెను.

ఇంతియకాదు. తప్పు లేకుండ కొలిచినను, కొలిచినది కావలసినదేనా యను ప్రశ్న మిగిలియుండును. వీబెర్గ్ కోణము గిన్నె ప్రక్కకప్పును మాత్రమే చెప్పును. ముందుకప్పు తక్కువగ నుండి ప్రక్కకప్పు సరిగ నున్నవారు గలరు. వారి కోణము 27 ఉండవచ్చును, నొప్పియు నుండవచ్చును. ముందుకప్పును చూచుటకు 1961లో ఫ్రాన్సుదేశపు లెకేన్, ద సేజ్ అను వైద్యులు రోగిని ఏటవాలుగ నిలిపి తీయు వేరొక చిత్రమును కల్పించిరి. గుండ్రని గిన్నెను ఒక నీడతో కొలుచుట కుండను ఒక ప్రక్కనుండి చూచి చిల్లి లేదని చెప్పుటవంటిది.

కర్తవ్యము

ఇదంతయు చదివి, ఎక్స్‌రే కొలతలు వ్యర్థమని యెవ్వరైన తలచినచో మా యుద్దేశము చెడును. కొలత లేనిచో మిగులునది వైద్యుని కంటి యంచనా మాత్రమే; అది యింతకంటె నెక్కువగ తప్పును. కోణము పది యున్నప్పుడు ఎవ్వరు కొలిచినను లోపము లోపమే. ముప్పదిరెండున్నప్పుడు ఎవ్వరు కొలిచినను ప్రక్కకప్పు చాలినదే. చిక్కు నడిమి పట్టీయందే. ఆ పట్టీలోనివారు కొద్దిమంది కారు. గిన్నె చుట్టును కటియెముకను కోసి, గిన్నెను త్రిప్పి నిలుపు శస్త్రచికిత్సను బెర్న్ నగరపు గాంజ్ 1984లో ప్రారంభించి 1988లో ప్రకటించెను. తగిన రోగికి, తగిన కాలమున అది గొప్ప యుపకారము. అనేకుల స్వంతకీలును చిరకాలము కాపాడినది. తగని రోగికి అదియే పెద్ద గాయము, నెలలతరబడి కర్రల నడక. అట్టి తీర్పును ఒక్క యంకెపై, అందునను పెన్సిలు గీత మందమునుబట్టి మారు నంకెపై, నిలుపరాదని మా దృఢాభిప్రాయము.

కావున కొన్ని సూచనలు చేయుచున్నాము. మొదటిది, ఎక్స్‌రే గదులలో పనిచేయువారికి రోగిని పండుకొనబెట్టు పద్ధతి నియమముగ నేర్పవలెను. ఇందుకు కొత్తయంత్రము లక్కరలేదు. ఐదు నిమిషముల ఓపిక కావలెను. రంధ్రములు సమానముగ లేని చిత్రమును కొలువక, అవసరమైనచో మరల తీయవలెను. రెండవది, నివేదికలో అంకెతోపాటు అది కనుబొమ్మ కొనవరకా, చివరి యంచువరకా యని వ్రాయవలెను. రోగి పండుకొనెనా నిలిచెనా యనియు వ్రాయవలెను. మూడవది, అంకె సందిగ్ధమైన పట్టీలో పడినప్పుడు ఒకరికి తెలియకుండ మరియొకరు కొలిచి, రెండంకెలను కాగితముపై నుంచవలెను. నాలుగవది, తప్పు ఎంతవరకు రావచ్చునో అంకె ప్రక్కనే తెలుపవలెను. "22, అటు నిటు మూడు" అని వ్రాయుటలో వైద్యుని గౌరవమునకు కొరత యేమియు లేదు. తూకము తెలిసిన కంసాలియే తన త్రాసు తప్పును చెప్పగలడు.

నేడు కంప్యూటరులు తామే గీతలు గీసి కోణములను చెప్పుచున్నవి. అవి అలసిపోవు, ఉదయము ఒకటి, సాయంకాల మొకటి చెప్పవు. అది మేలే. కాని వంకరగ తీసిన చిత్రమును వాని ముందుంచినచో ప్రతిసారియు అదే తప్పును అదే ధైర్యముతో చెప్పును. ఎప్పుడును ఒకే మాట చెప్పుట సత్యమునకు గుర్తు కాదు. సి.టి. స్కాను గిన్నెను మూడువైపులను చూపును. శస్త్రచికిత్స నిశ్చయమైన తరువాత అది మిక్కిలి యుపయోగము. అయితే అందలి కిరణముల మోతాదు హెచ్చు గనుక పడుచువారికి ఊరక తీయించుట తగదు.

ఇంకొక సంగతి. వీబెర్గ్ అంకెలు స్వీడనుదేశమున పుట్టినవి. నేలపై బాసిపట్లు వేసుకొని కూర్చుండు జనుల తుంటులకు అవియే హద్దులని దైవము నిర్ణయింపలేదు. మన దేశమందును ఇట్టి కొలతలు కొంత జరిగినవి. అవి యింకను విరివిగ, పైన చెప్పిన నియమములతో జరుగవలెను. మన వైద్యకళాశాలలకు ఇది తమ వాకిటనే యున్న పని.

ఇక రోగులకు మేము చెప్పునది. మీ కాగితముపై అంకెను చూచి బెదరకుడు, పొంగకుడు. చిత్రమును మీయొద్ద భద్రపరచుకొనుడు. నివేదికకంటె చిత్రమే విలువైనది, దానిని మరియొకరు మరల కొలువగలరు. డాక్టరుగారిని మూడు ప్రశ్నలడుగుడు: చిత్రము సరిగ వచ్చినదా? ఏ యంచువరకు కొలిచితిరి? కోణము మూడు డిగ్రీలు అటు నిటైనను మీ సలహా యిదియేనా? మూడవ ప్రశ్నకు ఔనని సమాధానము వచ్చినచో ధైర్యముగ ముందునకు సాగుడు. కాదని వచ్చినచో తొందరపడకుడు. మంచి వైద్యు డీ ప్రశ్నలకు కోపింపడు.

మా మిత్రుడు ఆ ప్రశ్నలతోనే మూడవ వైద్యుని యొద్దకు పోయెను. ఆయన మొదట పాతచిత్రములను రెంటిని వెలుతురునకు ప్రక్కప్రక్కన నుంచి చూచెను. మొదటి చిత్రమున కటి ప్రక్కకు తిరిగియుండెను. రెండవదానిలో కోణమును ఎముక చివరి యంచువరకు కొలిచియుండిరి. ఇద్దరి యంకెలకును కారణము తెలిసినది. ఇద్దరి నిజాయితీయు నిలిచినది. ఆయన చిత్రమును నియమప్రకారము మరల తీయించి, తానొకసారియు తన సహాయకునిచేత నొకసారియు కొలిపించి, 22 అని వ్రాసి, అటు నిటు మూడని చేర్చెను. పిదప అంకెను ప్రక్కకు నెట్టి ఆ యువతిని నడువుమనెను, కాలు మడచి చూచెను, నొప్పి యెప్పుడు, ఎట్లు వచ్చునో వినెను, ముందుకప్పు చిత్రమును చూచెను. ప్రస్తుతము వ్యాయామము చేయుచు ఆరు నెలల కొకసారి చూపించుకొనవలెనని చెప్పి, నొప్పి తగ్గక హెచ్చినచో శస్త్రచికిత్స మాట మరల తలపెట్టుదమనెను. ఆ యువతికి శస్త్రచికిత్స తప్పినదని మేము చెప్పజాలము. తనకు సంబంధించిన తీర్పు దేనిపై నిలిచియున్నదో ఆమెకు తెలిసినది. రోగికి వైద్యుడు ఈయవలసిన వానిలో అదియు నొకటి.

సాక్షిని గౌరవింతము, ప్రశ్నింపకుండ మాత్రము విడువకుందము.